అలుగు లేని చెరువు

“దీని అలుగు యాడుంది పాపా?”

విస్కాన్సిన్ రాష్ట్రంలో డెవిల్స్ లేక్ అనే చెరువు ఒడ్డున కారు దిగి, పంచె సర్దుకుని, నీళ్ల వైపు ఒక నిమిషం చూసి మా నాన్న అడిగిన మొదటి మాట ఇది. అలుగంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పొర్లిపోయే చోటు. బాగుందని అనలేదు, బాగాలేదని అనలేదు. మూడు గంటలు కారు నడిపి తీసుకొచ్చిన మా ఆయన మొహం చూడాలి అప్పుడు.

ఇది 2011 జులై సంగతి. అమ్మా నాన్నా ఆర్నెల్ల విజిటర్ వీసా మీద వచ్చి అప్పటికి రెండు నెలలు. మేం షికాగో శివార్లలో ఉంటాం. ఆరోరా బాలాజీ గుడి అయిపోయింది, డౌన్‌టౌన్ అయిపోయింది, మాల్స్ అన్నీ అయిపోయాయి, నయాగరా కూడా చూపించాం. నయాగరా దగ్గర నాన్న చాలాసేపు మాట్లాడకుండా నిలబడి, చివరికి “ఇన్ని నీళ్లు ఊరికే పోతున్నాయే” అన్నాడు. కరెంటు తీస్తారు నాన్నా అంటే “సరేలే అయితే” అని వెనక్కి తిరిగాడు. ఆయనతో టూరిజం అంటే ఇంతే.

ఎందుకంటే నాన్న నీటిపారుదల శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. మాది అప్పటి ప్రకాశం జిల్లా కంభం. చెరువు అంటే మా ఊరి చెరువు గురించి చెప్పాలి ముందు. నల్లమల నుంచి వచ్చే గుండ్లకమ్మకి అడ్డంగా, రెండు కొండల మధ్య సందులో కట్ట వేసి ఆపిన చెరువు. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని మా దగ్గర చెప్పుకుంటారు. కట్ట ఎక్కి నిలబడితే, నిండిన ఏడాది అవతలి ఒడ్డు కనపడదు, నిండని ఏళ్లలో (అవే ఎక్కువ) బర్రెలు మేస్తుంటాయి. నాన్న ఉద్యోగమంతా ఆ కట్ట మీదే గడిచింది. తూము తెరవడం, మూయడం, నీళ్ల మట్టం చూసి రాసుకోవడం, రైతుల తగవులు తీర్చడం, తుఫాను రోజుల్లో లాంతరు పట్టుకుని ఎక్కడ బుంగ పడుతుందోనని రాత్రంతా తిరగడం. చిన్నప్పుడు నవంబరు వానల్లో నాన్న ఇంట్లో పడుకున్న గుర్తే లేదు నాకు.

అలాంటి మనిషికి క్యాంపింగ్ అంటే ఏంటో వివరించడానికి ఒక సాయంత్రం పట్టింది. అడవిలో చెరువు పక్కన టెంట్ వేసుకుని, నేల మీద పడుకుని, కట్టెల మంట వేసుకుని రెండు రాత్రులు ఉంటామని చెప్పాను. అమ్మ “ఇల్లు ఉండగా ఇదేం ఖర్మ” అంది. నాన్న మాత్రం కాస్త ఆలోచించి, “కాపలా పడుకోవడమా?” అన్నాడు. దాదాపు అంతే నాన్నా అన్నాను. “జీతం వాళ్లిస్తారా?” లేదు, మనమే కట్టాలి అన్నాను. ఆ తర్వాత ఇండియా నుంచి ఎవరు ఫోన్ చేసినా “ఈ శనివారం మా అల్లుడు డబ్బులు కట్టి మరీ మమ్మల్ని కాపలా పెడుతున్నాడు” అని చెప్పి నవ్వడమే పని.

బుకింగ్ కథ వేరే. విస్కాన్సిన్ స్టేట్ పార్కుల్లో సైట్లు పదకొండు నెలల ముందే బుకింగ్‌కి పెడతారు, ఈ పార్కులో ఎండాకాలం శని ఆదివారాలైతే తెరిచిన రోజే అయిపోతాయి. మా ఆయన, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ ముగ్గురూ మూడు కంప్యూటర్ల ముందు కూర్చుని తత్కాల్ టికెట్లు కొట్టినట్టు కొట్టి పక్కపక్కన మూడు సైట్లు పట్టారు. ఒకటి మాది, ఒకటి భీమవరం వాళ్లది, ఒకటి వరంగల్ వాళ్లది. భీమవరం వాళ్లు కరెంటు ఉన్న సైట్ కావాలని పట్టుబట్టింది ఎందుకో అక్కడికి వెళ్లాక తెలిసింది, కార్లోంచి ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ దిగింది. తెలుగువాళ్లం, ఏం చేస్తాం.

సరే, శుక్రవారం సాయంత్రం చేరాం. టెంట్ వేసేటప్పుడు మగాళ్లు ముగ్గురూ కాగితం పట్టుకుని కడ్డీలు ఎటు దూర్చాలో చర్చిస్తుంటే నాన్న ఆ కాగితం వంక చూడకుండా, ముందు నేలంతా తిరిగి, కాలితో తొక్కి చూసి, “ఇక్కడ వద్దు బాబూ, నీళ్లు ఇటే వస్తాయి, అదుగో ఆ చెట్టు మొదట్లో వేయండి” అన్నాడు. వాన సూచన ఏమీ లేదు మావయ్యా అన్నాడు మా ఆయన, ఫోన్ చూపించి. నాన్న ఏమీ అనలేదు. టెంట్ చదునుగా ఉన్నచోటే వేశాం. ఈ విషయం మళ్లీ వస్తుంది.

కట్టెల దగ్గర నాన్నకు మొదటిసారి కోపం వచ్చింది. చుట్టూ అడవి, నేల మీద ఎండిన కొమ్మలు కావలసినన్ని. అవి ఏరకూడదట. ఇంటి దగ్గర నుంచి తెచ్చుకుందామంటే బయటి ఊళ్ల కట్టెలు లోపలికి తేకూడదట, ఎమరాల్డ్ యాష్ బోరర్ అని ఒక పచ్చటి పురుగు కట్టెల్లో దాక్కుని ప్రయాణం చేసి కొత్త అడవుల్లో యాష్ చెట్లను చంపేస్తుందని. కాబట్టి అక్కడే కట్టకి ఇంత అని కొనుక్కోవాలి. “అడవిలో కూర్చుని కట్టెలు కొంటారా!” అన్నాడు నాన్న. పురుగు సంగతి చెప్పాక మాత్రం తలూపి, “అయితే సరే, పత్తికి పురుగు పట్టిన ఊళ్లో పుట్టినోణ్ణి, నాకు తెలీదా” అన్నాడు. ఆయన కోపం ఎప్పుడూ ఇంతే, కారణం చెబితే దిగిపోతుంది.

ఆ రాత్రి మొక్కజొన్న పొత్తులు కాల్చాం. దారిలో రోడ్డు పక్కన బండి మీద అమ్ముతుంటే డజను కొన్నాం. నాన్న ఒకటి కొరికి పక్కన పెట్టేశాడు. “ఇది కంకి కాదు, చక్కెర పాకం. ఉప్పూ కారం పూసినా ఎక్కట్లా.” పిల్లలు పుల్లలకి మార్ష్‌మాలోలు గుచ్చి మంటలో పెట్టి, అవి అంటుకుంటే ఊదుకుంటూ తింటున్నారు. మా చిన్నది నాలుగేళ్లది, ఒకటి తెచ్చి తాత నోట్లో పెట్టింది. ఆయన మీసాలకి అంటుకుని తీగలు సాగింది, అమ్మ తడిగుడ్డతో తుడవబోతే ఇంకా పాకింది, చివరికి కొబ్బరినూనె రాయాల్సొచ్చింది. అమ్మ పులిహోర, పెరుగన్నం, మాగాయ తెచ్చింది, మా భోజనం అది. విస్కాన్సిన్ అడవిలో పొగ వాసన మధ్య స్టీలు గిన్నెలో మాగాయ పెరుగన్నం తిన్న రుచి ఇంట్లో ఎంత ప్రయత్నించినా రాదు, చాలాసార్లు ప్రయత్నించాను.

పదకొండు తర్వాత చప్పుడు చేయకూడదని రూలు. పిల్లలు పడుకున్నారు, మిణుగురులు బోలెడు, చెట్ల కింద అంతా మెరుస్తున్నాయి. నాన్న మాత్రం టెంట్లో పడుకోనన్నాడు. మడత కుర్చీ మంట పక్కన వేసుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. అలవాటు.

అర్ధరాత్రి ఎప్పుడో మూత దబ్బుమన్న శబ్దం, నాన్న “ఎవురది!” అన్న అరుపు. బయటికి వచ్చి చూస్తే టార్చి వెలుగులో కూలర్ బాక్స్ తెరిచి ఉంది, దాని అంచు మీద రెండు చేతులు పెట్టుకుని ఒక రకూన్ మా వంక ప్రశాంతంగా చూస్తోంది. దాని ఎదురుగా జంతికల కవరు. మేం హుష్ అంటే అది కవరు వదల్లేదు, కవరుతో సహా నడుచుకుంటూ, పరిగెత్తను కూడా లేదు, నడుచుకుంటూ చీకట్లోకి పోయింది. నాన్న చాలాసేపు తేరుకోలేకపోయాడు. “కుక్క కాదు, పిల్లి కాదు. చేతులున్నాయి పాపా దానికి. గొళ్లెం తీసింది నా కళ్ల ముందే. నేను మనిషనుకున్నా.” తెల్లారాక చెత్తబుట్ట పక్కన ఖాళీ కవరు దొరికింది, ఒక్క ముక్క మిగల్లేదు. అమ్మకి అది ఒక రకంగా గర్వం.

ఆ గొడవ అయ్యాక మళ్లీ నిద్ర పట్టేలోపు రైలు వచ్చింది. ఆ చెరువు తూర్పు ఒడ్డు పక్కనే, కొండకీ నీళ్లకీ మధ్య ఇరుకు సందులో రైలు మార్గం ఉంది, 1873లో వేసింది. ఆ రోజుల్లో షికాగో వాళ్లు రైల్లో వచ్చి ఇక్కడి హోటళ్లలో దిగేవాళ్లట. ఇప్పుడు గూడ్సు బళ్లే, అవీ ఎప్పుడో ఒకటి. రాత్రి పూట కొండల మధ్య ఆ కూత ఎంత గట్టిగా వినిపిస్తుందంటే పక్క టెంట్లో భీమవరం వాళ్ల అబ్బాయి లేచి ఏడ్చాడు. నాన్న మాత్రం కుర్చీలోంచి “గుంటూరు బండి” అన్నాడు. మా కంభం మీదుగా పోయే గుంటూరు నంద్యాల లైను ఆయనకి గడియారం.

పొద్దున ఆరింటికి లేచి చూస్తే కుర్చీ ఖాళీ.

బాత్రూముకి వెళ్లాడనుకున్నాం. అరగంట అయింది, రాలేదు. మా ఆయన వెళ్లి చూసొచ్చాడు, లేడు. ఫోన్ లేదు ఆయన దగ్గర, ఇంగ్లీషు రాదు, పంచె, బనీను మీద నా పాత ఊలు స్వెట్టర్, కాళ్లకి హవాయి చెప్పులు. చుట్టూ అయిదొందల అడుగుల కొండలు, పక్కన నలభై ఏడు అడుగుల లోతు చెరువు. ఏడు అయింది, ఏడున్నర అయింది. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి, అమ్మ మాత్రం ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూ “ఎక్కడికి పోతాడు, నీళ్లు చూడ్డానికి పోయుంటాడు” అంది. ఆఫీసుకి వెళ్లి చెబుదామని నేను బయల్దేరుతుంటే నాన్న అవతలి వైపు నుంచి, అంటే వెళ్లిన వైపు నుంచి కాకుండా రెండో వైపు నుంచి, తాపీగా వస్తూ కనిపించాడు.

“చుట్టూ తిరిగొచ్చా పాపా. తూము లేదు, అలుగు లేదు. నైరుతి మూల ఒక పిల్ల వాగు వచ్చి కలుస్తంది, అంతే. వచ్చేదుంది గానీ పోయేది లేదు.”

చెరువు చుట్టూ నడవాలంటే మైళ్ల దూరం. కొంత దూరం రైలు పట్టాల మీద నడిచాడట. పట్టాల మీద నడవకూడదు నాన్నా, బోర్డు ఉంటుంది అంటే, “బోర్డు చూశా, నాకు చదవడం రాదుగా” అన్నాడు. తిట్టాను, ఏడ్చాను కూడా. ఆయన ఉప్మా తింటూ, పడమటి ఒడ్డు పొడుగునా కొండ మీది నుంచి కిందికి జారిపడి ఉన్న బండరాళ్ల గురించి చెబుతున్నాడు, ఒక్కొక్కటి కారంత ఉంటుంది, గుట్టలు గుట్టలుగా నీళ్ల దాకా దిగి ఉంటాయి. “ఎవరో కట్టకి రాళ్లు పేర్చి రివిట్‌మెంట్ చేసినట్టే ఉంది. మనిషి చెయ్యలేదంటావా?”

ఇక ఆయన్ని నేచర్ సెంటర్‌కి తీసుకెళ్లక తప్పలేదు. ఉత్తరం ఒడ్డున చిన్న బిల్డింగ్, లోపల ఒక బల్ల మీద కొండలూ చెరువూ కలిపి చేసిన నమూనా, గోడలకి పటాలు. డ్యూటీలో ఉన్నది పాతికేళ్ల లోపు అమ్మాయి. అలుగుని ఇంగ్లీషులో ఏమనాలో నాకు తట్టలేదు, ఓవర్‌ఫ్లో అనాలా అవుట్‌లెట్ అనాలా అని నేను నీళ్లు నములుతుంటే నాన్న ముందుకొచ్చి, నమూనాలో చెరువు మీద వేలు పెట్టి, స్పష్టంగా “సర్‌ప్లస్ వియర్?” అన్నాడు. నేను నోరు తెరిచాను. డిపార్ట్‌మెంట్ ఇంగ్లీషు! ఏబీసీడీలు చదవలేని మనిషికి సర్‌ప్లస్ వియర్ (అలుగు), స్లూయిస్ (తూము), ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం), అన్నీ నోటికి వచ్చు. ముప్ఫై ఏళ్లు ఇంజనీర్ల వెనక తిరిగాడు మరి.

ఆ అమ్మాయి కళ్లు వెలిగాయి. ఈ పార్కుకి ఏటా లక్షల మంది వస్తారు, బీచ్ ఎక్కడ, బాత్రూమ్ ఎక్కడ అని అడుగుతారు, వియర్ గురించి అడిగిన మొదటి మనిషి బహుశా మా నాన్నే. ఆమె చెప్పింది, నేను తెలుగులో చెప్పాను, మధ్యమధ్యలో నాన్న నన్ను ఆపి నమూనా మీద వేలుతో గీస్తూ మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. పదిహేను వేల ఏళ్లకి పైనే అయింది, ఉత్తరం నుంచి మంచు పలక కదిలొచ్చి ఇక్కడిదాకా వచ్చి ఆగింది. అంతకుముందు ఈ రెండు కొండల మధ్య సందులో నది పారేది. మంచు తనతో ఈడ్చుకొచ్చిన మట్టీ రాళ్లూ ఈ సందుకి ఉత్తరం కొసన ఒక గుట్టగా, ఆగ్నేయం కొసన ఒక గుట్టగా పోసి, కరిగి వెనక్కి పోయింది. నది దారి మార్చుకుంది. రెండు గుట్టల మధ్య నిలిచిన నీళ్లే ఈ చెరువు, సుమారు 360 ఎకరాలు. బయటికి పోయే వాగు లేదు, నేలలోకి ఇంకినంత ఇంకుతుంది, ఎండకి ఆవిరైనంత ఆవుతుంది.

“అంటే రెండు కొండల మధ్య రెండు కట్టలు” అన్నాడు నాన్న మెల్లగా. “మనకి వరదరాజమ్మ ఒక కట్ట వేసింది. వీళ్లకి మంచు రెండు కట్టలు వేసింది. అలుగు పెట్టడం మర్చిపోయింది.”

నేను అది అనువాదం చేస్తే ఆ అమ్మాయి నవ్వి, ఒక్క నిమిషం ఆగమని, లోపల్నుంచి ఒక పటం తెచ్చింది. పాత హోటళ్ల మురుగు, పైనుంచి పొలాల ఎరువులు కలిసి చెరువు అడుగున భాస్వరం బాగా పేరుకుపోయిందట. దానివల్ల నాచు, నాచు తినే నత్తలు, ఆ నత్తల్లో పెరిగే ఒక పరాన్నజీవి వల్ల ఈతకొట్టేవాళ్లకి దురదలు. అందుకని 2002లో చెరువు అడుగు నుంచి మైలుకు అటూ ఇటూగా పొడవున్న పైపు వేశారు, మోటారు లేదు, సైఫన్ పద్ధతిలో అడుగు నీళ్లు, ఆ చెడిపోయిన నీళ్లే, బయటి వాగులోకి లాగేస్తుంది.

నాన్న మొహం చూడాలి. “స్లూయిస్!” అన్నాడు ఆ అమ్మాయితో, చేతులు రెండూ ఎత్తి. “బాటమ్ స్లూయిస్!” నా వైపు తిరిగి, “అడుగు తూము ఉంది పాపా, ఉండకుండా ఎట్లుంటదని పొద్దున్నుంచి అనుకుంటన్నా!” రెండు నెలల్లో ఆయన మొహంలో అంత వెలుగు నేను చూడలేదు, నయాగరా దగ్గర కూడా.

బయటికొచ్చాక ఇంకో అనుమానం. “ఇంతకీ దీని ఆయకట్టు ఎంత?” ఆయకట్టు లేదు నాన్నా, ఈ నీళ్లు పొలాలకి పోవు, జనం ఈతకొట్టడానికీ చూడ్డానికీ అంతే. ఆయన నమ్మలేదు. ఒక్క ఎకరం కూడా తడపని చెరువుకి ఇంత ఆఫీసు, ఇంతమంది మనుషులు, పార్కు పెట్టి వందేళ్లయిందని బ్యానరు (1911లో మొదలైంది, మేం వెళ్లింది సరిగ్గా నూరో ఏట). “మన చెరువుకి లస్కరు పోస్టు ఖాళీ అయితే భర్తీ చేసే దిక్కు లేదు” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

పేరు సంగతి కూడా ఆయనకి నచ్చలేదు. ఇక్కడి మూలవాసులు హో-చంక్ జనం దీన్ని పవిత్రమైన సరస్సు, ఆత్మల సరస్సు అనే అర్థంలో పిలిచేవాళ్లు, తెల్లవాళ్లు వచ్చి దాన్ని డెవిల్ చేశారు. “దేవుడి చెరువుని దెయ్యం చెరువు చేశారు, థూ” అన్నాడు. అమ్మ వెంటనే రెండు చెంపలూ వేసుకుంది, ఎందుకైనా మంచిదని.

మధ్యాహ్నం తూర్పు కొండ ఎక్కాం, బ్యాలెన్స్‌డ్ రాక్ అని, కొన మీద నిలబెట్టినట్టు ఒక రాయి ఉంటుంది. దారి నిట్టనిలువుగా ఉంటుంది, రాతి మెట్లు. భీమవరం ఆయన సగంలో కూర్చుండిపోయాడు. హవాయి చెప్పులతో నాన్న ముందు. ఈ మెట్లు ఎవరు పెట్టారని అడిగితే బోర్డు చదివి చెప్పాను, 1930లలో ఇక్కడ పనుల్లేక జనం అల్లాడుతుంటే రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పెళ్లికాని కుర్రాళ్లకి క్యాంపులు పెట్టి ఇలాంటి పనులు ఇచ్చింది, నెలకి 30 డాలర్లు, అందులో పాతిక ఇంటికి పంపాలి. “కరువు పని!” అన్నాడు నాన్న, మెట్టు మీద చేత్తో తట్టి. “మన ఉపాధి హామీ. కానీ చూడు ఎట్లా కూర్చోబెట్టారో రాయి, కదల్లా.” కరువు పనుల్లో మా తాత కంకర కొట్టాడని అప్పుడే తెలిసింది నాకు, ఆ కొండ మీద.

పైన ఒకచోట బండ మీద అలల గుర్తులు ఉన్నాయి. గులాబీ, ఊదా కలిసిన రంగు రాయి, క్వార్ట్‌జైట్, నూట అరవై కోట్ల ఏళ్ల పైమాటే దాని వయసు, ఒకప్పుడు సముద్రం అడుగు ఇసుక. ఆ ఇసుక మీద నీళ్లు కదిలినప్పుడు పడిన గీతలు అలాగే రాయైపోయాయి. నాన్న వంగి, అరచెయ్యి ఆ గీతల మీద పెట్టి, ఇటు నుంచి అటు మెల్లగా జరిపాడు. చేతివేళ్ల గోళ్లలో ఇంకా రాత్రి బొగ్గు మసి. మళ్లీ వెనక్కి జరిపాడు. “గుండ్లకమ్మలో ఏరు దిగినాక ఇసక ఇట్లాగే ఉండిద్ది. నీళ్లు ఇటు పోయినయ్” అని చేత్తో దిక్కు చూపించాడు. నేను అక్కడికి తర్వాత ఎన్నిసార్లు వెళ్లానో, ఆ బండ దగ్గర ఆగి దిక్కు చూస్తాను, నాకేమీ తెలీదు.

పైన ఆకాశంలో పెద్ద రాబందులు తిరుగుతున్నాయి. మన దగ్గర రాబంది కనపడక ఎన్నేళ్లయిందో అని అమ్మా నాన్నా లెక్కేసుకుంటూ దిగారు.

ఇక ఆ రాత్రి. సాయంత్రం నుంచే నాన్న పడమర వైపు చూస్తున్నాడు. ఫోన్లో వాన ఇరవై శాతం. ఆయన లెక్కలో నూరు శాతం. ఒంటిగంట దాటాక మొదలైంది, మామూలు వాన కాదు, ఉరుము కొండకి తగిలి వెనక్కొచ్చి మళ్లీ ఇంకో కొండకి తగిలి, ఒక్క ఉరుము మూడుసార్లు వినపడుతోంది. పది నిమిషాల్లో వరంగల్ వాళ్ల టెంట్లోకి నీళ్లొచ్చాయి, పిల్లల్ని ఎత్తుకుని కార్లోకి పరిగెత్తారు. భీమవరం వాళ్లు రైస్ కుక్కర్‌తో సహా కార్లోకి. మా టెంట్ కింద కూడా నేల మెత్తబడింది. నేను పిల్లల్ని లేపుతుంటే బయట ఏదో గీరుతున్న చప్పుడు. జిప్ తీసి చూస్తే నాన్న, తల మీద చెత్త వేసే నల్ల ప్లాస్టిక్ కవరు కప్పుకుని, మోకాళ్ల మీద కూర్చుని, అమ్మ అన్నం వడ్డించే పెద్ద గరిటతో టెంట్ చుట్టూ కాలువ తవ్వుతున్నాడు. “లోపలికి పో పాపా, నేను చూసుకుంటా.” ఆ మాట, ఆ గొంతు, చిన్నప్పుడు నవంబరు రాత్రుల్లో గుమ్మం దగ్గర విన్నదే. పోయి పడుకున్నాను. నిజంగా నిద్ర పట్టింది నాకు.

పొద్దున మా టెంట్ ఒక్కటే పొడిగా ఉంది. కాలువ జానెడు వెడల్పు, పల్లం చూసుకుని తీసింది, రోడ్డు పక్క గుంటలోకి నీళ్లు బుద్ధిగా పోతున్నాయి. క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే పెద్దాయన బండి మీద వచ్చి ఆగి, ఇక్కడ నేల తవ్వకూడదని మర్యాదగానే చెప్పాడు. నేను సారీ చెప్పి నాన్నకి చెప్పాను. నీళ్లకి మనం దారి చూపకపోతే అవే చూసుకుంటాయని నాన్న వాదన, అది నేను అనువాదం చెయ్యలేదు. అయినా ఆయన లేచి, తీసిన మట్టి తీసినట్టే పోసి, అరచేత్తో కొట్టి, పైన పచ్చిక పెళ్లలు పేర్చి, అయిదు నిమిషాల్లో ఆనవాలు లేకుండా చేశాడు. ఆ పెద్దాయన అంతసేపూ నిలబడి చూసి, వెళ్తూ వెళ్తూ చెయ్యి కలిపాడు. గరిట మాత్రం వంకరపోయింది. అమ్మ అది షికాగో నుంచి కంభం దాకా తీసుకెళ్లింది, “మీ నాన్న అమెరికాలో చేసిన ఘనకార్యం” అని వచ్చినవాళ్లందరికీ చూపించడానికి.

ఆదివారం మిగిలిన నిప్పుల్లో అమ్మ వంకాయలు కాల్చి, చింతపండు, పచ్చిమిర్చి వేసి స్టీలు గ్లాసు అడుగుతో నూరి పచ్చడి చేసింది. మా పెద్దాడికి ఈత దురదలు రానే వచ్చాయి, కాళ్లనిండా ఎర్ర దద్దుర్లు. “నత్తల పని” అన్నాడు తాతయ్య, సైంటిస్టులాగా. ఇంటికొచ్చాక పిల్లల కాళ్లకీ చెవుల వెనకా పిడుదులు పట్టాయేమోనని అమ్మ లైటు వేసి మరీ వెతికింది, బర్రెలకి చూసినట్టు.

నాన్న మళ్లీ అమెరికా రాలేదు. మోకాళ్లు సహకరించలేదు, ఆయనకి పెద్ద ఇష్టమూ లేదు. ఫోన్ చేస్తే మాత్రం పిల్లల చదువు అడిగాక తప్పకుండా “మీ చెరువు నిండిందా?” అనేవాడు. ఇండియాకి వెళ్లేముందు రోజు కార్లో కూడా చెప్పాడు, అలుగు లేని చెరువు ఎప్పుడో ఒకసారి మీదికొస్తదని. అడుగు తూము మురికి తీయడానికి పెట్టింది, వరద తీయడానికి చాలదని.

2019 ఎండాకాలం వెళ్లినప్పుడు దక్షిణం ఒడ్డు బీచ్‌లో మేం ఎప్పుడూ చాప వేసుకునే చోటు కనపడలేదు. నీళ్లు ఇసుక దాటి గడ్డిలోకి వచ్చేశాయి. అంతకుముందు ఏడాది నుంచీ ఆ ప్రాంతంలో వానలే వానలు, నీళ్లకి పోయే దారి లేదు. ఫొటో తీసి నాన్నకి వాట్సాప్‌లో పంపాను. అక్కడ అర్ధరాత్రి అయి ఉంటుంది, అయినా రెండు నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది. ముందు దగ్గు, తర్వాత అమ్మ ఎవరితో మాట్లాడుతున్నావని కసరడం, తర్వాత నాన్న గొంతు.

“అలుగు అడిగానా లేదా? అడిగానా లేదా! ఆ పిల్ల ఉందేమో చూడు పాపా ఆ ఆఫీసులో, సర్‌ప్లస్ వియర్ అడిగినాయన కూతుర్నని చెప్పు. ఆ అడుగు తూము తెరిచారో లేదో కనుక్కో. ఊరికే కూర్చోమాక, పోయి కనుక్కో.”

నేచర్ సెంటర్‌కి వెళ్లాను. ఆ అమ్మాయి లేదు, వేరే అబ్బాయి ఉన్నాడు. బీచ్ ఎక్కడో చెప్పబోయాడు.